డెబ్బై రెండు కిలోల కెప్టెన్

తాళ్లక్క తమ్ముడి కుడిచేతిని నలగ్గొట్టింది ఇనప కప్పీ కాదు. మీరు. ఫైలు పట్టుకున్న మేనేజరూ, గడియారం పట్టుకున్న డైరెక్టరూ, మా కెప్టెన్ బరువు ఇంతే అని అచ్చు వేసి పంపిన టీవీ కంపెనీ వాళ్లూ, ఆ అబద్ధాన్ని నడుముకు కట్టుకుని మూడు నిలువుల ఎత్తు నుంచి అడుగు బయటికేసిన పెద్దమనిషీ. నలుగురూ కలిసి ఒక మనిషి చేతిని తీసుకెళ్లి చక్రంలో పెట్టారు. పెట్టి, తప్పంతా ఆ చేతిదేనని కాగితం రాశారు. మాకేం తెలియదని ఇప్పుడు ముఖం అటు తిప్పుకుంటే కుదరదు. కూర్చోండి. మీరు చేసిందే మీకు వినిపించాలి.

సోమవారం పొద్దున పదింటికి అసలు కెప్టెన్ వచ్చాడు. టీవీలో ఆరేళ్లుగా అంతరిక్ష నౌకను నడిపిస్తున్న కెప్టెన్. అంతకుముందు మూడు వారాలు రిహార్సళ్లలో ఆ వేషం నాటకశాలలోని సన్నపాటి నటుడొకడు వేశాడు. మొదటి పది ఆటలకు మాత్రం టీవీ మనిషే కావాలని, అప్పుడే జనం ఎగబడతారని మేనేజరు పట్టుబట్టి రప్పించాడు. సీరియల్‌ను స్టేజీ మీదికి తేవడానికి కంపెనీ పెట్టిన షరతులన్నీ రెండు వందల పది పేజీల ఫైల్లో ఉన్నాయి. నౌక తలుపు ఏ రంగు, కెప్టెన్ ఏ చేత్తో సలాం కొడతాడు, బూటుకు ఎన్ని బొత్తాలు, అన్నీ. ఏదీ మారకూడదు. డైరెక్టరు ల్యాప్‌టాప్‌లో గాల్లో తేలే ఎపిసోడ్ పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి లెక్కగట్టాడు. కెప్టెన్ తలుపు తీసుకుని శూన్యంలోకి అడుగు వేసి, తేలుతూ వెళ్లి, విరిగిన రెక్కను పట్టుకోవడానికి నలభై ఎనిమిది సెకన్లు. స్టేజీ మీదా నలభై ఎనిమిదే.

టీవీలో మనిషిని గాల్లో తేల్చింది కంప్యూటరు. ఇక్కడ ఆ పని అక్కాతమ్ముళ్లది, నాటకశాలంతా తాళ్లక్క అని పిలిచే అక్కదీ, ఆమె తమ్ముడిదీ.

పని పెద్ద చిక్కుగా ఉండదు, తప్పుగా చేస్తేనే చిక్కు. ఎగిరేవాడి నడుముపట్టాకు కొక్కెం. కొక్కేనికి సన్నటి ఉక్కుతాడు. అది పైకప్పులోని కప్పీల మీదుగా పక్కకు పోయి, గోడవారగా దిగి, ఒక ఇనప తొట్టికి కట్టి ఉంటుంది. తొట్టిలో ఐదేసి కిలోల ఇనప బిళ్లలు. మనిషి ఎంత బరువో తొట్టి అంత బరువు ఉండాలి. ఉంటే, కింద నిల్చున్న తమ్ముడు తొట్టికి కట్టి, పై కప్పీ, కింది కప్పీల చుట్టూ గొలుసులా తిప్పిన లాగుడుతాడును రెండు చేతులతో మెల్లగా జరిపితే చాలు, ఎనభై కిలోల మనిషి దూదిపింజలా కదులుతాడు. లేకపోతే ఏది బరువైతే అది కిందికి పోతుంది. ఇందులో ఏ నౌకా, ఏ కెప్టెనూ లేదు.

అందుకే తాళ్ల పక్కన కాటా ఉంటుంది. ఎగిరే ప్రతివాడూ పూర్తి వేషంలో, తాడు పట్టేవాళ్ల కళ్లముందు దాని మీద నిలబడాలి. ఆ తర్వాత జానెడు ఎత్తి చూస్తారు. అప్పుడే అసలు ఎగరడం. తాళ్లక్కకు ఈ పని నేర్పిన తండ్రి ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా దీన్ని తప్పలేదు. రాజు వేషగాడు కిరీటంతో ఎక్కాడు. దేవత వేషం వేసినావిడ రెక్కలతో ఎక్కి, అంకె చూసి తిట్టుకుంటూ దిగింది.

"సార్, ఒక్కసారి ఇలా కాటా మీదికి రండి," అంది తాళ్లక్క.

కెప్టెన్ ఆమె వైపు కాకుండా డైరెక్టరు వైపు చూశాడు.

"ఆయనేమన్నా బియ్యం బస్తానా, కాటా ఎక్కించడానికి?" అన్నాడు డైరెక్టరు. "పదకొండున్నరకు ఆయన ఫొటోలకు వెళ్లాలి. కానివ్వు."

"అందరూ ఎక్కుతారు సార్. మొన్నటిదాకా వేసినాయన రోజూ ఎక్కాడు."

"ఆయన రోజూ ఎక్కుతాడు, ఎందుకంటే ఆయన ఎవరో ఎవరికీ తెలియదు," అన్నాడు మేనేజరు. ఫైలు తెరిచి, వేలితో గీత వెంట జరిపాడు. "ఇదిగో. కెప్టెన్. ఎత్తు ఆరడుగులు. బరువు డెబ్బై రెండు. అచ్చులో ఉంది, చూస్తావా?"

"డ్రెస్సుతోనా, డ్రెస్సు లేకుండానా?"

"స్పాంజి డ్రెస్సుకు బరువేంటమ్మా. మూడు కిలోలు కలుపుకో. నీ సరదా తీరుతుంది."

స్టేజీ పక్కన నిలబడ్డ కొందరు నవ్వారు. కెప్టెన్ నవ్వలేదు. చేతి తొడుగులు సర్దుకుంటున్నాడు.

స్పాంజి డ్రెస్సు పాతది. ఆ పొద్దునే కంపెనీ వాళ్లు టీవీలో వాడే అసలు డ్రెస్సు పెట్టెలో పెట్టి పంపారు. తాళ్లక్క దాన్ని ఒక్కసారి చేత్తో ఎత్తి చూడలేదు. అందరూ తొందరపెడుతుంటే, ఇంతమంది ముందు మళ్లీ అడగడం ఎందుకులే అనుకుని, ముప్పై రెండు మెట్లెక్కి తొట్టి ఉండే పైఅరుగు మీదికి పోయి, తొట్టిలో పదిహేను బిళ్లలు వేసింది. డెబ్బై ఐదు కిలోలు. అది ఆమె తప్పు. ఆమె దాన్ని ఎక్కడా దాచలేదు.

ఆమె పైఅరుగు మీదే ఉంది. జానెడు ఎత్తి చూసేదాకా కూడా ఆగకుండా డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. తమ్ముడు తాడు కదలకుండా బిగించే లాకు కొయ్య తీసి తాడు పట్టుకున్నాడు. కెప్టెన్ నౌక అంచు నుంచి అడుగు బయటికేశాడు. వేసినవాడు తేలలేదు, దిగాడు. తొట్టి ఆమె మోకాళ్ల పక్కనుంచి రివ్వున పైకి లేచింది. కింద తమ్ముడి చేతుల్లో తాడు నేలవైపు పరుగు పెట్టింది. ఒదిలెయ్యరా అని అరవడానికి ఆమె అంచు మీదికి వంగింది. వాడు వదల్లేదు. తాడుతో పాటు వాడి కుడిచెయ్యి కూడా వంగి, వంగి, కింది కప్పీలోకి పోయింది. అక్కడ అడ్డంపడి తాడు ఆగింది.

కెప్టెన్ బూట్లు నేలకు మూరెడు ఎత్తులో ఊగుతున్నాయి. ఆయనకు గీత కూడా పడలేదు. ఒక మనిషి చేతి ఎముకల మీద ఆగాడు.

"ఏంటయ్యా ఇది, ఇంత కుదుపా," అన్నాడు గాల్లోంచి.

మంగళవారం మేనేజరు గదిలో కాగితం సిద్ధంగా ఉంది. టైపు చేసి, కింద ఆమె పేరుకు చుక్కలు పెట్టి. మేనేజరు దాన్ని ఆమె వైపు తిప్పి, పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు. టీ తాగుతావా అని అడిగాడు. ఆమె వద్దంది.

తాడు లాగే వ్యక్తి అజాగ్రత్త వల్ల పట్టు వదిలినందున ప్రమాదం జరిగినట్లు ప్రత్యక్షంగా చూసితిని. అంతే ఉంది. మిగతాదంతా తేదీలు.

తాళ్లక్క రెండుసార్లు చదివింది. ఆమెకు చదవడం నెమ్మది. "పట్టు వదిలితే చెయ్యి కప్పీలోకి ఎలా పోయింది సార్?" అంది. "వదిలినవాడి చెయ్యి బయట ఉంటుంది."

"అవన్నీ సాంకేతికం."

"కాదు సార్. చెయ్యి."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మాట తీరు కోపంగా ఉండదు. ఓపికగా, చిన్నపిల్లకు చెబుతున్నట్టు ఉంటుంది. అందుకే ఆయన మాట వింటే ఒళ్లు మండుతుంది. "చూడమ్మా. బిళ్లలు వేసిందెవరు?"

"నేనే."

"కదా. మీ తమ్ముడు పట్టు వదిలాడు, లేదా నువ్వు తప్పుగా వేశావు. రెండే ఉన్నాయి. ఎవరి పేరు రాయమంటావో నువ్వే చెప్పు. నాకు ఏదైనా ఒకటే."

"మూడోది ఉంది. మీరు చెప్పిన డెబ్బై రెండు."

"ఫైల్లో డెబ్బై రెండే ఉంది. నేను ఫైల్లో లేనిది చెప్పానా? ఫైలు తప్పంటే కంపెనీ తప్పన్నట్టు. కంపెనీ తప్పంటే శనివారం మొదటి ఆట ఉండదు. ఆట లేకపోతే నలభై మంది ఇళ్లకు పోతారు. వాళ్లందరికీ నువ్వే చెప్పుకో." పెన్ను మూత మళ్లీ పెట్టేశాడు. "గురువారం ముందుగా వేసే ట్రయల్ ఆట చూడ్డానికి అభిమానుల సంఘం వాళ్లొస్తున్నారు. ఆలోగా సంతకం పెట్టు. పెట్టకపోతే శుక్రవారం నువ్వు రానక్కర్లేదు. తమ్ముడి చికిత్స సంగతి కూడా మీరే చూసుకోండి."

ఆస్పత్రిలో తమ్ముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా కట్టు. మరదలు గిన్నె పట్టుకుని చెంచాతో తినిపిస్తోంది. చెంచా తన చేతికిమ్మంటాడు, ఎడమచేత్తో నోటిదాకా తెచ్చేలోపు సగం ఒళ్లో పోసుకుంటాడు.

"రెండు వేళ్లు ఇక మడతపడవన్నాడు డాక్టరు," అంది మరదలు. గొంతులో ఏడుపు లేదు, ఉన్నది ఊడ్చుకుపోయినట్టుంది. "తాడు పట్టడానికి రెండు వేళ్లు లేకపోతే ఏమవుతుంది వదినా?"

తాళ్లక్క కాగితంలో ఏముందో చెప్పింది.

"పెట్టెయ్," అన్నాడు తమ్ముడు. "నా పేరే రాయించు. నాది ఎలాగూ పోయింది. నీదన్నా ఉంటే ఇల్లు గడుస్తుంది."

"నువ్వు పట్టు వదిలావని రాయాలా నేను?"

"రాస్తే నిజమైపోతుందా ఏంటి. టీవీలో వాళ్లు నక్షత్రాల మీదికి పోతున్నారు, నువ్వు నమ్మావా?"

"నోర్ముయ్ రా."

వాడు కట్టు చెయ్యి వైపు చూస్తూ అన్నాడు. "అక్కా, ఆయన డెబ్బై రెండు కాదు. డ్రెస్సుతో తొంభై ఐదు ఉంటాడు. తాడు జారిన మొదటి మూరకే తెలిసింది."

"మరి తెలిసీ ఎందుకు పట్టుకున్నావ్?"

"వదిలితే చస్తాడు కదా," అన్నాడు తమ్ముడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

బుధవారం మధ్యాహ్నం ఆమె దర్జీ గదికి వెళ్లింది. నాటకశాలలో అందరికంటే పెద్దవాడు దర్జీ. అందరికీ మామయ్యే. కెప్టెన్ డ్రెస్సును బల్ల మీద బోర్లా పరిచి, నడుము దగ్గర కుట్లు విప్పుతున్నాడు. ఆమెను చూసి ఒక గుడ్డముక్క తీసి దాని మీద కప్పబోయాడు.

"ఎంత వదులు చేస్తున్నావు మామయ్యా?"

"చేస్తున్నానని ఎవరన్నారు?"

ఆమె గుడ్డముక్క తీసేసింది. రెండువైపులా నాలుగేసి వేళ్ల వెడల్పున కొత్త పట్టీ. డ్రెస్సు వీపు పట్టుకుని ఎత్తింది. రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. లోపల బ్యాటరీలు, దీపాలు, భుజాల్లో రేకులు. పన్నెండు కిలోలకు తగ్గదు. సోమవారం ఇలా ఒక్కసారి ఎత్తి ఉంటే.

"నాకు చెప్పొద్దన్నారు అమ్మాయ్," అన్నాడు దర్జీ, సూది వైపు చూస్తూ. "ఆయన కొలతలు బయటికి పొక్కితే టీవీలో వేషం పోతుందట. కంపెనీ కాగితంలో రాసుందట, డెబ్బై ఐదు దాటితే ఇంకొకణ్ని పెట్టుకుంటామని. మేనేజరు నా ఎదురుగా నిలబడి చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

దర్జీ సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు తీసుకున్నాడు. "ఆదివారం. ఆయన కొలతల చీటీ తెచ్చిచ్చినప్పుడే."

అంటే చెయ్యి పోకముందే మేనేజరుకు తెలుసు.

అప్పుడే తలుపు తోసుకుని కెప్టెన్ వచ్చాడు. చేతిలో చిన్న డబ్బా, అందులో ఉడకబెట్టిన కూరముక్కలు. ఆమెను చూసి గుమ్మంలోనే ఆగాడు. దగ్గరనుంచి చూస్తే కళ్ల కింద సంచులు, బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. పొట్ట మాత్రం పీక్కుపోలేదు.

"మా తమ్ముణ్ని చూడ్డానికి వెళ్లారా సార్?" అంది ఆమె.

"పూలు పంపించాను."

"పూలు ఏ చేత్తో పట్టుకుంటాడు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "చూడమ్మా, నేను నటుణ్ని. తాళ్లు మీ పని. మీ పనిలో తేడా వస్తే నాకేం సంబంధం?"

"మీ బరువెంత సార్?"

"డెబ్బై రెండు." టీవీలో డైలాగు చెప్పినట్టే చెప్పాడు, తడుముకోకుండా. ఆరేళ్లుగా చెప్పి చెప్పి నోటికొచ్చిన మాట. "ఎవర్నైనా అడుగు."

ఆమె దర్జీ వైపు చూసింది. దర్జీ కుట్టు వైపు చూశాడు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలైంది. నూట యాభై మంది అభిమానులు. సగం మంది నెత్తిన నౌక బొమ్మ ఉన్న నీలం టోపీలు. వాళ్లకు ప్రతి మాటా కంఠతా వచ్చు. నటుడి కంటే ముందే కూర్చున్నచోట నుంచి అందిస్తున్నారు. ఫస్టాఫ్ అయింది. తెర పడింది. పావుగంట విరామం తర్వాత గాల్లో తేలే సీను. తెర అవతల వాళ్లు అప్పుడే కాళ్లతో నేల దరువేస్తూ కెప్టెన్ కెప్టెన్ అంటున్నారు.

తమ్ముడు వచ్చి తాళ్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆస్పత్రి నుంచి చెప్పకుండా వచ్చేశాడట. చెయ్యి మెళ్లో వేలాడుతోంది. తాళ్లక్క వాణ్ని తిట్టలేదు. లాకు కొయ్యను సుత్తితో దిగ్గొట్టింది. లాగుడుతాడును మోకుతో ఇనప స్తంభానికి మూడు చుట్లు చుట్టి కట్టింది. ఇప్పుడు ఆ కొక్కేనికి ఏనుగును తగిలించినా జానెడు కదలదు. అది ఆమెకు తెలుసు, చూస్తున్న తమ్ముడికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

మేనేజరు మడిచిన కాగితంతో వచ్చాడు. "సంతకం?"

"ఆట అవనివ్వండి సార్," అని ఆమె ముప్పై రెండు మెట్లూ ఎక్కింది.

పైఅరుగు, నౌక అంచూ ఇంచుమించు ఒకే ఎత్తు. మధ్యలో ఖాళీ. ఎదురుగా కెప్టెన్ అప్పటికే నిలబడి ఉన్నాడు, పూర్తి డ్రెస్సులో, భుజాల మీద దీపాలు వెలుగుతూ. ఆయన ముందు ఉక్కుతాడుకు కొక్కెం వేలాడుతోంది. తాళ్లక్క మొదటి బిళ్ల ఎత్తి తొట్టిలో వేసింది. ఇనుము మీద ఇనుము ఖంగుమంది.

"ఒకటి," అంది, కింద అందరికీ వినపడేలా.

"నెమ్మదిగా," అన్నాడు డైరెక్టరు కిందనుంచి. "అవతల వినిపిస్తుంది."

"రెండు. మూడు." ఆమె తొందరపడలేదు. బిళ్లకు బిళ్లకు మధ్య నడుం నిఠారు చేసుకుంది. దీపాలవాళ్లు, గోడలు జరిపేవాళ్లు ఒక్కొక్కరే పని ఆపి తలెత్తారు. "పధ్నాలుగు. పదిహేను." చేతులు దులుపుకుంది. "డెబ్బై రెండు, డ్రెస్సుకు మూడు. ఫైల్లో ఉన్నట్టే వేశాను. సార్, కొక్కెం తగిలించుకోండి."

కెప్టెన్ చెయ్యి కొక్కెం దాకా వచ్చింది. పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉంది.

"ఏంటి ఆలస్యం?" అన్నాడు డైరెక్టరు.

కెప్టెన్ తొట్టి వైపు చూశాడు, కింద నేల వైపు చూశాడు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చున్న తమ్ముడి కట్టు వైపు చూశాడు. ఆ చెయ్యిని చూడటం అదే మొదలు. తెర అవతల దరువు పెరిగింది.

మేనేజరు మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. గొంతు తగ్గించి, "ఇంకొన్ని వెయ్యవే," అన్నాడు.

"ఎన్ని సార్?"

"నీకు తెలుసు కదా."

"నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసింది డెబ్బై రెండే, అచ్చులో ఉంది. అంతకంటే ఎక్కువ వెయ్యాలంటే ఎంతో రాసి, కింద సంతకం పెట్టివ్వండి. పెన్ను మీ జేబులోనే ఉంది."

మేనేజరు చెయ్యి జేబు దాకా పోయి వెనక్కొచ్చింది. అతని పక్కన నిలబడ్డ నలభై మందిలో ఒక్కడు కూడా అతని తరఫున నోరు విప్పలేదు. గంట మోగింది. రెండో గంటకు తెర లేవాలి.

కెప్టెన్ కొక్కెం వదిలేశాడు. అది గాల్లో ఒకసారి ఊగింది. ఆయన వెనక్కి తిరిగి, నౌక లోపలి నిచ్చెన మీదుగా దిగాడు. బూట్లు బరువుగా ఒక్కో మెట్టు మీద పడుతున్నాయి. దిగి, ఎవరివైపూ చూడకుండా, నేరుగా తాళ్ల దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఎక్కడ కాటా?"

మేనేజరు దాన్ని సోమవారమే సామాన్ల గదిలో పెట్టించాడు. గోడవార నుంచి దర్జీ ముందుకొచ్చాడు. కాటాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని మోసుకొస్తున్నాడు. ఎప్పుడు వెళ్లి తెచ్చాడో ఎవరూ చూడలేదు. నేల మీద పెట్టి, ఊగకుండా కింద ఒక గుడ్డముక్క దోపాడు.

"ఎవరూ చూడొద్దు, మొహాలు తిప్పుకోండి," అన్నాడు డైరెక్టరు. ఎవరూ తిప్పుకోలేదు.

కెప్టెన్ ఎక్కి నిలబడ్డాడు. దర్జీ కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. "తొంభై ఏడు," అని చదివాడు. చెవిమీది సుద్దముక్క తీసి, తాళ్ల పక్క గోడ మీద అరచెయ్యంత అంకెలతో రాశాడు.

"రెండు కిలోలు తప్పాను," అన్నాడు తమ్ముడు. "కుడిచెయ్యి ఉంటే సరిగ్గా చెప్పేవాణ్ని."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కెప్టెన్ కాటా దిగి, తమ్ముడి ముందు క్షణం నిలబడి, ఏదో అనడానికి నోరు తెరిచి, అనలేక మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఆరేళ్లలో ఎవరూ రాసివ్వని మాట కదా, రాలేదు.

తాళ్లక్క ఇంకో నాలుగు బిళ్లలు, రెండు కిలోల చిన్నబిళ్ల ఒకటి వేసింది. కిందికి దిగింది. మోకు విప్పింది, కొయ్య తీసింది. కెప్టెన్‌ను జానెడు ఎత్తి చూసింది, దించింది. తెర లేచింది. నలభై ఎనిమిది సెకన్లు ఆ మనిషి గాల్లో తేలాడు. నూట యాభై మంది లేచి నిలబడి, కళ్లనీళ్లతో చప్పట్లు కొట్టారు. వాళ్లకు తాడు కనపడలేదు. తాడు కనపడకూడదు, అది పనితనం. తాడు పట్టిన మనిషి కూడా కనపడకూడదని మాత్రం ఎవడు చెప్పాడు?

ఆట అయ్యాక మేనేజరు నవ్వు ముఖంతో వచ్చాడు. అంతా బాగా జరిగింది కదా, జరిగిందేదో జరిగింది, మిగతాది ఆటలన్నీ అయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాడు. మడిచిన కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది, అంచు బయటికి కనిపిస్తోంది. తాళ్లక్క ఆ అంచు వైపు చూసింది. లాకు కొయ్యను దిగ్గొట్టింది. లాగుడుతాడును స్తంభానికి మూడు చుట్లు చుట్టింది. దర్జీ ఆమె పక్కకొచ్చి నిల్చున్నాడు. దీపాలవాడు ఒకడు, గోడలు జరిపేవాళ్లు ఇద్దరు, తర్వాత ఇంకొందరు. ఆమె స్టూలు జరుపుకుని తాడుకు అడ్డంగా, తమ్ముడి పక్కన కూర్చుంది.

శనివారం మీకు ఆట ఉంది. టిక్కెట్లన్నీ అమ్ముకున్నారు, నౌక తేలాలి. అయితే ముందు ఆ కాగితం జేబులోంచి తియ్యండి. అందరి ముందూ చించండి. కొత్తది రాయండి. ఆదివారమే తెలిసి దాచింది మేనేజరని రాయండి. కాటా ఎక్కనివ్వనిది డైరెక్టరని రాయండి. కాటా ఎక్కించకుండా పదిహేను బిళ్లలు వేసింది తాళ్లక్క అని కూడా రాయండి, ఆమే రాయమంటోంది. పట్టు వదలనివాడు తమ్ముడని రాయండి. వాడి చెయ్యి బాగయ్యేదాకా ఆస్పత్రి మీదేననీ, రెండు వేళ్లు మడవకపోయినా ఈ తాళ్ల దగ్గర వాడి చోటు వాడిదేననీ రాయండి. గోడ మీది తొంభై ఏడును చెరపకండి. కాటాను నేలకు బిగించండి. కెప్టెన్ గానీ, కంపెనీ యజమాని గానీ, పైకి పోవాలనుకున్న ప్రతివాడూ దాని మీద నిలబడాలి. పెన్ను మూత తియ్యండి. ఇప్పుడే. అందాకా కొయ్య లేవదు.